నీళ్లు తగ్గిస్తే చక్కెర తగ్గుతుందా?

మన పెద్దలు కంటికి కనిపించినదాన్ని పట్టి జబ్బులకు పేర్లు పెట్టారు. కళ్లు పచ్చబడితే పచ్చకామెర్లన్నారు. చెవుల కింద వాచి బిళ్లకడితే గవదబిళ్లలన్నారు. మాటిమాటికీ చెంబు పుచ్చుకుని దొడ్లోకి పరుగెత్తే మనిషిని చూసి అతిమూత్రవ్యాధి అన్నారు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కనుక నాకు పేర్లమీద ధ్యాస కొంచెం జాస్తి. ఈ పేరు మటుకు మన ఇళ్లల్లో చాలా తంటా తెచ్చిపెట్టిందని నా నమ్మకం. ఎందుకంటారా? పేరు వినగానే ఎవరికైనా తోచే వైద్యం ఒక్కటే. మూత్రం అతిగా పోతోందా, అయితే నీళ్లు మితంగా తాగితే సరి! ఇంతకన్నా సులభమైన తర్కం ఏముంది? వున్నది వున్నట్టు చెప్పాలంటే ఇంతకన్నా ప్రమాదమైన తర్కం కూడా లేదు.

రెండో పేరు మధుమేహం. ఇది మరింత లోతుగా చూసి పెట్టిన పేరు. మన ఆయుర్వేద గ్రంథాలు ప్రమేహాలు ఇరవై రకాలని లెక్కగట్టి, అందులో మధుమేహాన్ని ఒకటిగా చెప్పాయి. ఆ రోగుల మూత్రానికి చీమలు పడతాయన్న సంగతి చరకసంహిత నాటికే గమనించారు. ప్రయోగశాలలు లేవు, గాజుగొట్టాలు లేవు. చీమలే వారికి పరీక్ష చేసిపెట్టాయి. అటు గ్రీకు భాషలోని డయాబిటిస్ అన్న మాటకు అర్థం 'లోపలినుంచి సాగిపోవడం' అని. ఎత్తున వున్న పాత్రలోని నీటిని గొట్టంతో కిందికి లాగేసే సాధనానికి కూడా వారు అదే మాట వాడేవారు. కీస్తుశకం రెండో శతాబ్దంలో కపదోకియా దేశపు అరిటియస్ అనే వైద్యుడు ఈ జబ్బును వర్ణిస్తూ, తీరని దాహాన్నీ, ఆగని మూత్రాన్నీ పక్కపక్కనే చెప్పాడు.

ఈ రెంటిలో ఏది ముందు, ఏది వెనక అన్నదే అసలు ప్రశ్న. నీళ్లు ఎక్కువ తాగడంవల్ల మూత్రం ఎక్కువవుతోందా? లేక మూత్రం ఎక్కువ పోవడంవల్ల దాహం వేస్తోందా? ఇది తేలితే తక్కినదంతా తేలినట్టే.

1776లో మాథ్యూ డాబ్సన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఒక రోగి మూత్రాన్ని కాచి ఇగిర్చి చూశాడు. అడుగున చక్కెరలాంటి పదార్థం మిగిలింది. ఆ రోగి రక్తంలోని పలుచని భాగం కూడా తియ్యగానే వున్నదని ఆయనే చెప్పాడు. అంటే చక్కెర మూత్రంలో పుట్టడం లేదు, రక్తంలోనుంచి దిగుతోంది. ఆ దిగే తీరు ఇప్పుడు మనకు బాగా తెలుసు. మన మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు మళ్లీ వెనక్కి పీల్చుకుంటాయి. దానితోపాటు చక్కెరనూ తిరిగి తీసేసుకుంటాయి. ఇంటి ఇల్లాలు పప్పు గాలించి మెరికలు పారబోసినట్టు, పనికొచ్చేది ఒక్క గింజ కూడా వదలవు.

కాని ఈ పొదుపుకూ ఒక హద్దు వుంది. డెసిలీటరు రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు అంతా వెనక్కి తీసుకోలేవు. మిగిలిన చక్కెర మూత్రనాళాల్లోనే వుండిపోతుంది. వుండిపోయిన చక్కెర ఊరికే వుండదు. వానాకాలం మూతపెట్టని డబ్బాలో బెల్లం చూశారుగా, గాలిలోని తేమను లాగి నీరు కారుతుంది. అలాగే ఈ చక్కెర కూడా నీటిని తనవెంట నిలుపుకుంటుంది. వెనక్కి రావలసిన నీరు చక్కెరతో కలిసి బయటికి పోతుంది. ఒంట్లో నీరు తగ్గేసరికి మెదడు దాహం పుట్టిస్తుంది.

తేలింది కదా? ముందు చక్కెర, దాని వెనక మూత్రం, దాని వెనక దాహం. దాహం ఈ వరసలో ఆఖరిది. అది జబ్బుకు కారణం కాదు, పోయిన నీటికి ఒళ్లు పెట్టుకున్న అర్జీ. ఆ అర్జీని మనం చెత్తబుట్టలో పారేస్తే నీరు పోవడం ఆగదు. చక్కెర పై అంకెలో వున్నంతసేపూ పోతూనే వుంటుంది. కాకపోతే పోయినదానికి బదులు రాదు, అంతే.

మా వేలువిడిచిన బాబాయిగారొకరు తెనాలిలో వుంటారు. హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇరవైయేళ్లనుంచి షుగరు. మందుబిళ్లలు గడియారం చూసి వేసుకుంటారు, పొద్దున్నే కాలవగట్టుమీద నడుస్తారు. స్వీట్ల జోలికి పోరు. అన్నీ బాగానే వున్నాయి, ఒక్క నీళ్ల దగ్గర మటుకు ససేమిరా! "మంచినీళ్లు ఇమ్మంటారా బాబాయ్?" అంటే ఆయన దగ్గర గొలుసుకట్టు సమాధానం సిద్ధంగా వుండేది.

"వద్దమ్మాయ్! తాగితే పోవాలి, పోవాలంటే లేవాలి, లేస్తే నిద్ర పోతుంది. నిద్ర పోతే మర్నాడు షుగరు పెరుగుతుంది. ఇదంతా ఎందుకొచ్చింది? నీళ్లు తాగబట్టి!"

పిన్నిగారు వంటింట్లోంచే అందుకునేవారు. "ఆయన సంగతి నీకు తెలియనిదేముందే! చెంబులో నీళ్లు ఎండకు ఇగిరిపోవాల్సిందే కాని ఆయన గొంతు తడవదు."

ఈ తర్కం ఒక్క మా బాబాయిగారిది కాదు. ప్రతి వీధిలోనూ ఇలాంటి హెడ్మాస్టర్లు వున్నారు. అందువల్ల నీళ్లు తగ్గించిన ఒంట్లో ఏం జరుగుతుందో కొంచెం నెమ్మదిగా చూద్దాం.

మొదటిది వంటింట్లో తెలిసే సంగతే. చారు పొయ్యిమీద మరిచిపోతే ఏమవుతుంది? మరిగి మరిగి ఉప్పెక్కుతుంది. ఉప్పు మనం కొత్తగా వెయ్యలేదు, నీరు తగ్గింది. రక్తం సంగతీ కొంతవరకు అంతే. నీరు తగ్గితే వున్న చక్కెరే చిక్కబడి, అంకె పైకి కనిపిస్తుంది.

రెండోది మూత్రపిండాల పని. ఒంట్లో నీరు బాగా తగ్గితే వాటికి చేరే రక్తం తగ్గుతుంది. అప్పటిదాకా అదనపు చక్కెరను కొంతైనా బయటికి తోస్తున్న ఆ దారి కూడా ఇరుకైపోతుంది. తూము మూసిన చెరువులా చక్కెర వెనక్కి ఎగదన్నుతుంది.

మూడోది కొంచెం చిత్రమైనది. నీరు తగ్గగానే మెదడు వాసోప్రెసిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతుంది. దాని ముఖ్యమైన పని, మూత్రపిండాలకు "నీళ్లు జాగ్రత్త, పారబొయ్యకండి" అని కబురందించడం. కాని ఆ కబురు కాలేయానికి కూడా చేరుతుంది. కాలేయం తన గాదెలో దాచుకున్న చక్కెరను రక్తంలోకి దించుతుంది. అంటే చెంచాడు చక్కెర తినకపోయినా, కేవలం నీళ్లు తాగకపోవడంవల్ల ఇంట్లోని గాదె తెరుచుకుంటుందన్నమాట!

ఇదంతా లెక్కల్లో తేలిందా అని అడిగేవారు వుంటారు, అడగాలి కూడా. ఫ్రాన్సులో 3,615 మంది నడివయసువారిని తొమ్మిదేళ్లపాటు గమనించి, 2011లో ఒక పరిశోధన ప్రకటించారు. మొదట్లో వాళ్లందరి షుగరూ మామూలుగానే వుంది. రోజుకు అరలీటరుకన్నా తక్కువ నీళ్లు తాగేవారితో పోలిస్తే, అంతకుమించి తాగేవారిలో తరువాతికాలంలో షుగరు పెరగడం తక్కువగా కనిపించింది. 2017లో మరో చిన్న పరీక్ష వచ్చింది. షుగరు వున్న తొమ్మిదిమంది మగవాళ్లను ఒకసారి మూడురోజులు బాగా నీళ్లు తాగించి, ఇంకోసారి మూడురోజులు నీళ్లు తగ్గించి, రెండుసార్లూ గ్లూకోజు ఇచ్చి చూశారు. మనుషులు వాళ్లే, నీళ్లు తగ్గినప్పుడు మటుకు షుగరు ఎక్కువగా పెరిగింది.

ఈ రెంటినీ వేదవాక్కుగా తీసుకోనక్కరలేదు. మొదటిది గమనించి చెప్పినదే, నీళ్లు బాగా తాగేవారికి ఇతర మంచి అలవాట్లు కూడా వుండివుండవచ్చు. రెండోది తొమ్మిదిమందితో చేసినది. కాని రెండూ ఒకవైపే వేలెత్తి చూపుతున్నాయి. నీళ్లు తగ్గిస్తే షుగరుకు మంచిదని చెప్పే ఆధారం మాత్రం ఎక్కడా లేదు.

ఇక మా బాబాయిగారి సంగతి. 2019 మే నెల, రోహిణీకార్తె. ఆయనకు జ్వరం తగిలింది. జ్వరానికి తోడు వడగాడ్పు. నోటికి ఏదీ సయించడం లేదని తిండి మానేశారు. నీళ్లు ఎలాగూ తాగరు. తిండి లేదు కాబట్టి షుగరు పెరగదని ఆయన ధైర్యం. జ్వరం వచ్చిన ఒంట్లో తిండి లేకపోయినా షుగరు పెరుగుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడోనాటికి మగతగా పడివున్నారు. నీరసంతో నిద్రపోతున్నారని పిన్నిగారు అనుకున్నారు. నాలుగోనాడు పిలిస్తే పొంతనలేని మాటలు మొదలుపెట్టారు. ముప్పైయేళ్లు పాఠాలు చెప్పిన మనిషి, తన పెద్దకొడుకు పేరు చెప్పలేకపోయారు.

ఆస్పత్రికి తీసుకువెడితే షుగరు 600 దాటి వుంది. నాలుక ఎండి అట్టకట్టింది. పిన్నిగారు "ఇన్సులిన్ వెయ్యండి డాక్టరుగారూ" అని చేతులు పట్టుకుంటే, ఆ డాక్టరు "వేస్తామమ్మా, దానికన్నా ముందు ఆయనకు నీళ్లు కావాలి" అని సెలైను ఎక్కించడం మొదలుపెట్టాడు. ఒక సీసా, రెండో సీసా. గంట గంటకూ పరీక్ష చేస్తూంటే అంకె దిగుతూ వచ్చింది. ఇన్సులిన్ తరువాత మొదలుపెట్టారు. ఎనిమిది రోజులకు బాబాయిగారు ఇంటికి వచ్చారు.

ఇందులో అద్భుతమేమీ లేదు. షుగరు 600 దాటి, ఒళ్లు ఎండిపోయి, స్పృహ తప్పే ఈ స్థితి పెద్దవయసు రోగుల్లో వైద్యులకు బాగా తెలిసినదే. అలా వచ్చిన రోగి ఒంట్లో సగటున తొమ్మిది లీటర్ల దాకా నీటి లోటు వుంటుందని వైద్యగ్రంథాల లెక్క. తొమ్మిది లీటర్లంటే ఓ చిన్న బిందెడు! అందుకే ముందు సెలైను. నీరు అందగానే రక్తం పలచబడుతుంది, మూత్రపిండాలు మళ్లీ పనిలో పడతాయి, చక్కెర దిగడం మొదలవుతుంది. ఇంత వైద్యం చేసినా ఈ స్థితిలో నూటికి పదిమందో, అంతకు మించో దక్కకపోవడం కద్దు. మా బాబాయిగారు దక్కారు, సంతోషం. పోయినవారి ఇళ్లల్లో "జ్వరంతో పోయారు" అనుకుంటూ వుండివుంటారు.

పెద్దవయసులో ఇంకో చిక్కు వుంది. వయసు పైబడినకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. ఒంట్లో లోటు వున్నా గొంతు అడగదు. అందువల్ల "దాహమేస్తే తాగుతారులే" అని వదిలెయ్యకూడదు. గ్లాసు చేతికివ్వాలి.

చిన్నపిల్లల విషయంలో కథ మరోలా నడుస్తుంది. చక్కగా నిద్రపోయే పిల్లవాడు ఉన్నట్టుండి పక్క తడపడం మొదలుపెడతాడు. గ్లాసులకొద్దీ నీళ్లు తాగుతాడు, తింటూనే చిక్కిపోతాడు. తల్లి ఏం చేస్తుంది? సాయంత్రంనుంచి నీళ్లు బంద్ చేస్తుంది, తడిపితే నాలుగు తగిలిస్తుంది. అమ్మా, ఆ పిల్లవాడిని తిట్టకండి. నీళ్లు ఆపకండి. ఆరోజే షుగరు పరీక్ష చేయించండి. పిల్లల్లో వచ్చే షుగరు రోజుల్లో ముదురుతుంది. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టకముందు ఆ పిల్లలు బతికేవారు కారు. ఈనాడు చక్కగా చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారు. మధ్యలో కావలసింది ఆ దాహాన్ని అర్థం చేసుకునే తల్లి.

ఇంతవరకు చదివి, "అయితే నీళ్లే మందన్నమాట" అని బిందె ఎత్తి గటగటా తాగబొయ్యేవారిని కూడా కొంచెం ఆపాలి. నీళ్లు షుగరు మందు కాదు. ఒంట్లో నీరు సరిపడా వున్నవారు ఇంకో రెండు లీటర్లు తాగినంతమాత్రాన మందుబిళ్ల చేసే పని జరగదు. లోటు వుంటే లోటు తీరుస్తుంది, అంతవరకే దాని మహిమ. అవసరానికి మించి ఏకబిగిన తాగితే రక్తంలోని ఉప్పు పలచబడి అదో ప్రమాదం. గుండె బలహీనమైనవారికీ, మూత్రపిండాలు దెబ్బతిని కాళ్లు వాచేవారికీ డాక్టర్లు రోజుకు ఇంతే తాగాలని కొలత పెడతారు. వారికి ఆ కొలతే శాసనం, నా వ్యాసం కాదు.

మరో సంగతి. షుగరు మరీ పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణుకుతూంటే మంచినీళ్ల గ్లాసు అందించి ఊరుకోకండి. అప్పుడు కావలసింది చక్కెరే. మూడు నాలుగు చెంచాల చక్కెరో, గ్లూకోజో నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పొయ్యకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

మందుచెక్క గ్లాసుల సంగతి కూడా ఒకమాట. ఎగ్జిబిషన్లలో, యాత్రాస్థలాల్లో చెక్కగ్లాసులు అమ్ముతారు, చూసేవుంటారు. రాత్రి నీళ్లు పోసి వుంచితే తెల్లారేసరికి ఎర్రగా మారతాయి, అవి తాగితే షుగరు పోతుందని. ఆ చెట్టు మన వేగిస, సంస్కృతంలో బీజక మంటారు, వ్యాపారులు విజయసార్ అంటారు. అందులో ఏమీ లేదని నేను అనడం లేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆ చెట్టు సారాన్ని కొలిచి రోగులకు ఇచ్చి, ఫలితం బాగున్నట్టు 1998లో ప్రకటించింది. కాని అది పోల్చడానికి రెండో జట్టు లేని పరీక్ష. పైగా అక్కడ ఇచ్చింది కొలత వున్న మందు. మన గ్లాసులోకి ఎంత దిగుతుందో, మూడోనెల ఎంత దిగుతుందో గ్లాసుకూ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. దానిని నమ్మి మందుబిళ్ల మానెయ్యడం మటుకు పనికిరాదు. మెంతినీళ్లయినా, రాగిచెంబు నీళ్లయినా ఇదే మాట. తాగితే తాగండి, నీళ్లన్నా లోపలికి పోతాయి. డాక్టరిచ్చిన మందు పక్కనే వుండాలి.

"నీళ్లు" అంటే నీళ్లేనని కూడా గట్టిగా చెప్పాలి. మన మర్యాదల్లో మంచినీళ్ల స్థానం రోజురోజుకూ జారిపోతోంది. వెనకటికి గుమ్మంలోకి రాగానే కాళ్లకు నీళ్లు, తాగడానికి నీళ్లు ఇచ్చేవారు. ఇప్పుడు పెళ్లిపందిట్లో అడుగుపెడితే రంగునీళ్ల గ్లాసు చేతిలో పెడతారు. ఓ 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో 30 గ్రాములకు తగ్గకుండా, అంటే ఏడెనిమిది చెంచాల చక్కెర వుంటుంది. దాహం చక్కెరవల్ల, ఆ దాహం తీర్చడానికి మళ్లీ చక్కెర! నిప్పు ఆర్పడానికి కిరసనాయిలు పోసినట్టు. చెరకురసం కూడా అంతే, 'సహజం' అన్న మాటకు షుగరు లొంగదు. కొబ్బరిబొండాం అంత చెడ్డది కాదు, కాని అందులోనూ రెండు మూడు చెంచాల చక్కెర వుంటుంది. రోజూ రెండేసి బొండాలు తాగి "నేను నీళ్లే తాగాను" అంటే లెక్క కుదరదు. వెన్న తీసిన పలుచని మజ్జిగ దివ్యమైనది. రక్తపోటు వున్నవారు ఉప్పు తగ్గించుకోవాలి. చక్కెర వెయ్యని కాఫీ, టీలు కూడా నీటి లెక్కలోకే వస్తాయి, నాలుగైదు గ్లాసులకు ఎగబాకనంతవరకు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు షుగరువాళ్లు ఓ.ఆర్.ఎస్. తాగవచ్చా అని చాలామంది అనుమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పొడి లీటరు నీళ్లలో కలిపితే అందులో గ్లూకోజు 13.5 గ్రాములు, గ్లాసుకు ముక్కాలు చెంచా కూడా రాదు. ఒంట్లో నీరు పోతున్నప్పుడు అది తాగాలి, షుగరు చూసుకుంటూ తాగాలి. ఆ కాస్త గ్లూకోజు లేకపోతే పేగు ఉప్పునూ నీటినీ అంత చురుగ్గా పీల్చుకోలేదు. కాని అట్టడబ్బాల్లో, పళ్లరసం రుచితో అమ్మిన తియ్యటి పానీయాలు వేరు. వాటిలో అంతకు ఎన్నోరెట్లు చక్కెర. అలాంటి వాటిమీద కూడా ఆ మూడక్షరాలే ముద్రించడంతో జనం మోసపోయారు. హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్లతరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశపు ఆహారభద్రతా సంస్థ, ఆ పానీయాలమీద ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ పోరాటం చేసినది మన హైదరాబాదు డాక్టరమ్మ అని చెప్పుకోవడం నాకెంతో సంతోషం.

ఎన్ని నీళ్లు తాగాలి? 'ఎనిమిది గ్లాసులు' అన్నది అందరికీ ఒకే కొలతతో కుట్టిన చొక్కా. ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2010లో చెప్పిన లెక్క ప్రకారం, తిండిలోని నీటితో కలిపి ఆడవారికి రోజుకు 2 లీటర్లు, మగవారికి రెండున్నర. అందులో అయిదోవంతుకు పైగా తిండిలోనే వస్తుంది. కాని అది చల్లని దేశాల లెక్క. మన రెంటచింతల, రామగుండం ఎండలకు ఆ లెక్క చాలదు, చెమట పట్టినకొద్దీ పెంచుకోవలసిందే. మూత్రం లేతగడ్డిరంగులో వుంటే నీరు సరిపోయినట్టని అందరికీ చెప్పే గుర్తు. షుగరు బాగా పెరిగినవారికి ఆ గుర్తు చెల్లదు. చక్కెర నీటిని లాక్కుపోవడంవల్ల ఒళ్లు ఎండుతున్నా మూత్రం తెల్లగానే వుంటుంది. వారు రంగును కాక అంకెను నమ్మాలి.

కొత్తరకం షుగరు మందులు కొన్ని వచ్చాయి. 1835లో ఆపిల్ చెట్టు బెరడులో దొరికిన ఒక పదార్థం వాటికి మూలం. మూత్రపిండాలు చక్కెరను వెనక్కి తీసుకోకుండా ఆపి, మూత్రంలో పంపెయ్యడం వాటి పద్ధతి. చక్కెర వెంట నీరూ పోతుందని చెప్పుకున్నాం కదా. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి పేర్లున్న ఆ మాత్రలు వేసుకునేవారు నీళ్లు తగ్గించకూడదు. జ్వరమో, వాంతులో వచ్చినా, ఏకాదశి ఉపవాసమో, రంజాను రోజాయో వున్నా ముందే డాక్టరునడిగి, మందు ఆపాలో, మార్చాలో కనుక్కోవాలి.

ఇక రాత్రి లేవడం. మా బాబాయిగారి ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. నాలుగుసార్లు లేస్తే ఎవరికి మాత్రం నిద్రపడుతుంది? దానికి మందు నీళ్లు మానడం కాదు, తాగే వేళ మార్చడం. రోజు నీళ్లలో ఎక్కువభాగం పొద్దున్నించి సాయంత్రం లోపల తాగి, పడుకునే ముందు రెండుగంటలు తగ్గించుకోవచ్చు. సాయంత్రం కాఫీ మానవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం షుగరు అదుపులోకి రావడం. అది హద్దు దాటనప్పుడు అతిమూత్రం దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే మగవారికి ప్రొస్టేటు వాపు వంటి వేరే కారణం వుండవచ్చు, చూపించుకోవాలి. బాబాయిగారు ఇప్పుడు మరచెంబుతో నీళ్లు పక్కన పెట్టుకుంటున్నారు. సాయంత్రానికి అది ఖాళీ కావాలన్నది పిన్నిగారి ఉత్తర్వు.

చివరిగా, నీళ్లు వద్దని కాక, వీలులేక తాగనివారి సంగతి. వాళ్లెవరో చెప్పనక్కరలేదు. పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలి, సాయంత్రం అయిదున్నరకు తిరిగివచ్చే ఆడవాళ్లు. టీచర్లు, గుమాస్తాలు, బట్టలషాపుల్లో నిలబడి చీరలు విప్పిచూపే అమ్మాయిలు, బస్సు కండక్టర్లు. వీళ్లలో షుగరు వున్నవాళ్లు ఎందరో. నేను పనిచేసిన ఒక కాలేజీలో స్టాఫ్‌రూము వున్న మేడమీద ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. కింద వున్నదానికి తలుపుకు గడియ లేదు, కుళాయికి నీళ్లు లేవు. షుగరు వున్న మా సహోద్యోగిని ఒకావిడ పొద్దున కాఫీ తరువాత మళ్లీ సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా గుటకెడు నీళ్లు ముట్టేవారు కారు. ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షను వచ్చింది. తియ్యటి మూత్రం, గంటలతరబడి బిగపట్టుకోవడం, నీళ్లు తాగకపోవడం, మూడూ కలిస్తే రాక ఏమవుతుంది? ఇన్‌ఫెక్షను వచ్చిన ప్రతిసారీ ఆవిడ షుగరు కూడా చుక్కలనంటేది. "నీళ్లు బాగా తాగండమ్మా" అని డాక్టరు ప్రతిసారీ రాసిచ్చేవాడు. ఆవిడ ఆ చీటీ మడిచి బ్యాగులో పెట్టుకునేవారు.

చివరికి మేం పదకొండుమంది ఆడ లెక్చరర్లం సంతకాలు చేసి ప్రిన్సిపాలుగారికి కాగితం ఇచ్చాం. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదనీ, ఇది ఆరోగ్యం సంగతనీ రాశాం. గడియ వారంలో వచ్చింది. కుళాయికి నీళ్లు రావడానికి నాలుగునెలలు పట్టింది. మేడమీద గదికి రెండేళ్లు పట్టింది. ఏమైతేనేం, వచ్చాయి. ఆవిడ బల్లమీద ఇప్పుడు నీళ్లసీసా కనిపిస్తుంది.

మీ ఇంట్లో షుగరు వున్నవారు ఎవరైనా వుంటే, వారు ఎంత తిన్నారని రోజూ అడుగుతూనే వుంటారు. ఎన్ని నీళ్లు తాగారని కూడా అడగండి. వారు పనిచేసేచోట తాగడానికి వీలుందా అని కూడా అడగండి. వీలు లేకపోతే, దానికి కాగితం రాసేవారిలో మొదటి సంతకం మీరు చెయ్యండి.